రెండు వందల యూనిట్ల గీత: కరెంటు పొదుపుపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎండలు ముదిరితే కరెంటు బిల్లుల మీద ఉత్తరాలూ ముదురుతాయి. ఈసారి హైదరాబాద్ పాఠకుల ప్రశ్నలే తీసుకున్నాం. కింద లెక్కల్లో వాడిన యూనిట్ ధరలు ఇది రాసేనాటికి తెలంగాణలో ఇళ్ల కనెక్షన్లకు అమల్లో ఉన్నవి.

ప్రశ్న: పోయిన నెల 190 యూనిట్లు, ఈ నెల 215. పెరిగింది పాతికే. బిల్లు మాత్రం 370 రూపాయలకు పైగా పెరిగింది. బిల్లు కొట్టే అబ్బాయిని అడిగితే ‘స్లాబ్ మారిందమ్మా’ అని వెళ్లిపోయాడు. ఏమిటీ లెక్క?
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

అతను చెప్పింది నిజమే, విడమరచి చెప్పలేదంతే. నెలకు వంద దాటి 200 యూనిట్ల వరకు వాడితే మొదటి వందకు యూనిట్ రూ. 3.40, తర్వాతి వందకు రూ. 4.80. అంటే 200 యూనిట్లకు రూ. 820. ఒక్క యూనిట్ దాటినా మీరు వేరే వర్గంలోకి వెళ్తారు. అక్కడ మొదటి యూనిట్ నుంచే లెక్క మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకు రూ. 5.10 చొప్పున, 201 నుంచి 300 వరకు రూ. 7.70, 301 నుంచి 400 వరకు రూ. 9, ఆపైన 800 వరకు రూ. 9.50. కాబట్టి 201 యూనిట్లకు రూ. 1,027.70 అవుతుంది. ఆ ఒక్క యూనిట్ మీకు 207 రూపాయలు పడిందన్నమాట.

మీ లెక్కే చూద్దాం. 190 యూనిట్లకు రూ. 772, 215 యూనిట్లకు రూ. 1,135.50. ఇవి కాక కస్టమర్ ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, యూనిట్‌కు 6 పైసల ఎలక్ట్రిసిటీ డ్యూటీ. ఇలాంటి గీతే 100 యూనిట్ల దగ్గర కూడా ఉంది. వంద లోపు ఉంటే మొదటి 50 యూనిట్లు రూ. 1.95కే వస్తాయి, దాటితే ఆ ధర పోతుంది.

అందుకే మీరు వెతకాల్సింది నెలకు పదహారు, ఇరవై యూనిట్లు. అంతకన్నా అక్కర్లేదు. బిల్లు మీద పోయిన రీడింగ్ తేదీ, ఈ రీడింగ్ తేదీ రెండూ ఉంటాయి. మధ్యలో ఎన్ని రోజులో లెక్కపెట్టి యూనిట్లను ఆ రోజులతో భాగించండి. రోజుకు ఆరున్నర దాటుతోందంటే 200 గీత దాటబోతున్నారని అర్థం. రీడింగ్ అయిన పదిహేనో రోజున మీటరు ఒకసారి చూసుకుంటే ఇంకా సర్దుకునే వ్యవధి ఉంటుంది. నెలాఖరున చూస్తే చేసేదేమీ ఉండదు. రీడింగ్ బాగా ఆలస్యంగా తీసి, అందువల్లే గీత దాటిందని అనిపిస్తే ఆ రెండు తేదీలు చూపించి సెక్షన్ ఆఫీసులో ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) లెక్క చూడమనండి.

మొదట టీవీ పక్కన ఉన్న సెట్‌టాప్ బాక్స్ మీద చెయ్యి పెట్టి చూడండి. రిమోట్‌తో ఆపినా వెచ్చగానే ఉంటుంది. అది 15 వాట్లు లాగితే 24 గంటలకు నెలలో దాదాపు 11 యూనిట్లు. రెండు బాక్సులుంటే మీ పాతిక యూనిట్లలో చాలా భాగం అక్కడే దొరికినట్టు. స్విచ్ బోర్డు దగ్గర ఆపండి, అంతే. వైఫై రూటర్ జోలికి పోకండి, దాన్ని ఆపితే మిగిలేది తక్కువ, ఇంట్లో గొడవ ఎక్కువ.

ప్రశ్న: ఇంట్లో ఐదు ఫ్యాన్లు. అన్నీ తీసేసి బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టమంటున్నారు. నిజంగా గిట్టుబాటవుతుందా? మా చెల్లెలి ఇంట్లో పెట్టిన ఫ్యాను గుయ్‌మంటోంది కూడా.
– ఒక పాఠకుడు, ఉప్పల్

మామూలు ఫ్యాను ఫుల్ స్పీడులో 70 నుంచి 80 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగే ఫ్యాను, 28 నుంచి 35. తేడా 45 వాట్లు అనుకుందాం. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యానైతే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. మీరు 200 లోపు ఉంటే దాదాపు వంద రూపాయలు, 300 దగ్గర ఉంటే 150 పైన. రోజుకు గంట తిరిగే చుట్టాల గది ఫ్యాను మార్చితే నెలకు యూనిటున్నర కూడా మిగలదు. కాబట్టి ఐదూ ఒకేసారి వద్దు. హాల్లో ఒకటి, పడక గదుల్లో రాత్రంతా తిరిగేవి, ముందు అవి మార్చండి. మిగతావి చెడిపోయినప్పుడు చూసుకోవచ్చు.

గుయ్‌మనే చప్పుడుకు చాలాసార్లు కారణం పాత రెగ్యులేటర్. ఈ ఫ్యాన్లలో స్పీడు మార్చే పని లోపలి సర్క్యూట్ బోర్డుది. గోడ మీద రెగ్యులేటర్‌ను 3 మీద పెడితే ఆ బోర్డుకు వంకర కరెంటు అందుతుంది. ముందు మోత వస్తుంది, కొన్నాళ్లకు బోర్డు పోతుంది. ఎలక్ట్రీషియన్‌తో రెగ్యులేటర్ తీయించి వైరు నేరుగా కలిపించండి. 5 మీద పెట్టి వదిలేస్తే ఎవరో ఒకరు అలవాటుకొద్దీ తిప్పుతారు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కూడా కొన్ని మోగుతాయి, సైన్ వేవ్ అయితే ఇబ్బంది ఉండదు. కొనేముందు వారంటీ ఎన్నేళ్లో కాదు, బోర్డు విడిగా హైదరాబాద్‌లో దొరుకుతుందా అని అడగండి. దొరక్కపోతే వారంటీ అయ్యాక మోటారు బాగున్నా ఫ్యాను తుక్కే.

మరో మాట. ఉన్న ఫ్యాను తిరగడం లేదు, గాలి రావడం లేదని మార్చబోతుంటే ఆగండి. ఫ్యాను కప్‌లో ఉండే 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ నీరసించినా అలాగే నెమ్మదిస్తుంది. వంద రూపాయల లోపు వస్తువు.

ప్రశ్న: ప్లగ్‌లో పెడితే బిల్లు 30 శాతం తగ్గిస్తుందని ఒక డబ్బా అమ్ముతున్నారు. కొనవచ్చా?
– కోఠి నుంచి ఒకరు

వద్దు. లోపల ఉండేది ఒక కెపాసిటర్, ఒక ఎల్‌ఈడీ లైటు. కెపాసిటర్ పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేస్తుందన్నది నిజం. కానీ ఇళ్ల బిల్లు కిలోవాట్ అవర్ల (యూనిట్ల) మీద వేస్తారు, పవర్ ఫ్యాక్టర్ మెరుగుపడినా ఆ అంకె తగ్గదు. పైగా ఆ లైటు వెలగడానికి అయ్యే కరెంటు మీ ఖాతాలోనే.

ప్రశ్న: ఐదో అంతస్తు, పైన మిద్దే. ఏసీ 1.5 టన్ను, నాలుగేళ్ల కిందటిది. ఏటా మార్చిలో మెకానిక్ వచ్చి ‘గ్యాస్ తగ్గింది’ అని నింపి వెళ్తాడు. అయినా మేలో చల్లబడదు. కొత్తది ఫైవ్ స్టార్ తీసుకోమంటారా?
– ఒక ఉద్యోగిని, మియాపూర్

ముందు గ్యాస్ సంగతి. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని. కారే చోటు మూయకుండా నింపడమంటే మళ్లీ ఏడాది రమ్మని పిలవడమే. ఎక్కువసార్లు కారేది అవుట్‌డోర్ యూనిట్ పక్కన రాగి గొట్టాలు బిగించిన ఇత్తడి నట్ల దగ్గర. ఈసారి మెకానిక్ వచ్చినప్పుడు దగ్గరుండి ఈ వరుసలో చేయించండి. నట్ల మీద సబ్బు నురగ రాసి బుడగలు చూడాలి. అక్కడ కనబడకపోతే నైట్రోజన్ పీడనంతో పరీక్షించాలి. కారే చోటు బాగుచేశాక వ్యాక్యూమ్ పంపుతో కనీసం 20 నిమిషాలు లోపలి గాలి, తేమ లాగేయాలి. చివర గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాలి. ఎన్ని గ్రాములో అవుట్‌డోర్ యూనిట్ మీద అతికించిన ప్లేటు మీద ఉంటుంది. ‘గేజ్ చూసి వేస్తాం మేడమ్’ అంటే, తూకం తెచ్చేవాణ్ని పిలవండి. ఎక్కువైనా నష్టమే, కంప్రెసర్ మీద భారం పడి కరెంటు ఎక్కువ లాగుతుంది. ఆర్-32 గ్యాస్ అయితే కొద్దిగా మండే గుణం ఉన్నది, కాబట్టి గ్యాస్ ఉండగా గొట్టాల దగ్గర వెల్డింగ్ మంట పెట్టనివ్వకూడదు.

ఇక మేలో చల్లబడకపోవడానికి గ్యాస్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. అవుట్‌డోర్ యూనిట్ ఎక్కడ ఉందో చూడండి. యుటిలిటీ బాల్కనీలో గ్రిల్‌కు దోమ తెర కొట్టి, దాని ముందు బట్టలు ఆరేస్తే, అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. ముందు రెండడుగులైనా ఖాళీ ఉండాలి. లోపలి ఫిల్టర్‌ను వేసవిలో పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడగండి. రోడ్డు పక్క ఫ్లాటైతే వారానికే బూడిద రంగులో దుమ్ము పట్టేస్తుంది.

స్టార్ల సంగతి. లేబుల్ మీద స్టార్ల కన్నా ముఖ్యం ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసే అంకె. అది 1,600 గంటల వాడకానికి లెక్కగట్టినది. రెండు మోడళ్ల మధ్య ఆ అంకెలో 200 తేడా ఉందనుకోండి. మీరు రోజుకు 8 గంటలు, వంద రోజులు వాడితే 800 గంటలే. అంటే మిగిలేది 100 యూనిట్లు. మీ వేసవి స్లాబ్ 9 రూపాయలైతే ఏడాదికి 900. ఫైవ్ స్టార్‌కు ఎనిమిది వేలు ఎక్కువ పెడుతున్నారంటే తొమ్మిదేళ్లు పడుతుంది. పగలూ రాత్రీ వాడే ఇంటికి ఫైవ్ స్టార్, రాత్రి మాత్రమే వేసుకునే ఇంటికి ఇన్వర్టర్ త్రీ స్టార్ చాలు. స్టార్ల పట్టికను కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ మధ్యమధ్య కఠినం చేస్తుంది, 2022 జులైలో మార్చినప్పుడు పాత ఫైవ్ స్టార్ చాలావరకు ఫోర్ స్టార్‌కు దిగింది. అందుకే దుకాణంలో లేబుల్ మీద సంవత్సరం కూడా చూడాలి. పాత నిల్వను ‘ఫైవ్ స్టార్ ఆఫర్’ అని అంటగడతారు.

24 డిగ్రీల నుంచి 26కు మార్చి, ఫ్యాను 2 మీద పెట్టుకోండి. ఒక్కో డిగ్రీకి దాదాపు 6 శాతం ఆదా అని బీఈఈ లెక్క. కానీ పై అంతస్తులో ఏసీ పోరాడుతున్నది మిద్దెతో. కింది జవాబు కూడా చదవండి.

ప్రశ్న: మిద్దె మీద తెల్ల రంగు వేయిస్తే ఇల్లు చల్లబడుతుందా? రాత్రి పదింటికి కూడా పడకగది పైకప్పు కాలుతోంది.
– మెహిదీపట్నం నుంచి ఒక పాఠకుడు

చల్లబడుతుంది. హైదరాబాద్‌లోనే 2017లో దేవరకొండ బస్తీలో ఇళ్ల కప్పులపై తెల్లటి పొర పరిచి చూశారు. లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం అయిదేళ్ల కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. రాత్రి పదింటికి కాలడానికి కారణం, అయిదంగుళాల కాంక్రీటు పగలంతా తాగిన వేడిని సాయంత్రం తర్వాతే కిందికి వదలడం. ఎండ తగలకముందే తిప్పికొడితే తప్ప అది ఆగదు.

పని ఇలా చేయించండి. మొదట చిన్న చిన్న పగుళ్లు, పారాపెట్ గోడ మూలలు పూడ్చాలి. వాటర్‌ప్రూఫింగ్ లేని మిద్దె మీద నేరుగా రంగు వేస్తే వానాకాలంలో తేమ కింది నుంచి ఉబికి పొరలుగా లేచిపోతుంది. తర్వాత వైరు బ్రష్‌తో నాచు గీకి, కడిగి, రెండు రోజులు ఎండనివ్వాలి. ప్రైమర్, ఆపైన కూల్ రూఫ్ కోటింగ్ రెండు పూతలు. రెండో పూత మొదటిదానికి అడ్డంగా, డబ్బా మీద రాసినంత వ్యవధి ఇచ్చాకే. మధ్యాహ్నం కాలే మిద్దె మీద వేస్తే పూత పరుచుకోకముందే ఎండిపోయి గీతలు పడుతుంది. పొద్దున పదిలోపు ముగించాలి. డబ్బా మీద సోలార్ రిఫ్లెక్టెన్స్ (ఎండను ఎంత తిప్పికొడుతుందో చెప్పే) అంకె చూడండి. మామూలు తెల్ల ఎమల్షన్ కొని అదే అనుకోకండి.

డబ్బు లేకపోతే సున్నమే వేయండి. జిగురు కలిపి రెండు పూతలు. ఒక వేసవి నిలుస్తుంది, వానలకు పోతుంది, వచ్చే మార్చికి మళ్లీ వేయాలి. ఖరీదైన పూత కూడా దుమ్ము పడితే పనిచేయదు. వేసవి మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి చీపురుతో కడగాలి. అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచేది తెల్ల పింగాణీ ముక్కల పరుపు. తడిస్తే జారుతుంది, బట్టలారేసే దారి వరకు గరుకు టైల్ పెట్టించండి.

ప్రశ్న: మాది 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. కామన్ మీటరు బిల్లు ఏడాదిలో బాగా పెరిగింది. లిఫ్ట్ పాతదే, లైట్లు పాతవే. అసోసియేషన్ మీటింగ్‌లో రోజూ వాదనే. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?
– అసోసియేషన్ కార్యదర్శి, నిజాంపేట

బోరు మోటారు నుంచి. ఇలాంటి బిల్లుల్లో పెద్ద వాటా చాలాసార్లు దానిదే. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ గంటకు దాదాపు 5 యూనిట్లు లాగుతుంది. రోజుకు 5 గంటలు నడిస్తే నెలకు 750 యూనిట్లు.

వాచ్‌మన్‌కు ఒక నోటు పుస్తకం ఇవ్వండి. మోటారు వేసిన టైము, ఆపిన టైము, ట్యాంకు ఎంత నిండింది, ఈ మూడే రాయాలి. 10,000 లీటర్ల ట్యాంకు గతంలో గంటలో నిండేది ఇప్పుడు గంటా ముప్పావు పడుతోందంటే రోగం అక్కడే ఉంది. అప్పుడు ఎలక్ట్రీషియన్‌తో ప్యానెల్ బోర్డు దగ్గర క్లాంప్ మీటరుతో మూడు ఫేజుల ఆంపియర్లు చూపించుకుని, మోటారు ప్లేటు మీద రాసిన అంకెతో పోల్చండి. నీళ్లు తగ్గి, ఆంపియర్లూ తగ్గితే బోరులో నీటిమట్టం పడిపోయింది, లేదా ఇసుకకు ఇంపెల్లర్లు (నీళ్లను పైకి తోసే రెక్కల చక్రాలు) అరిగిపోయాయి. నీళ్లు తగ్గి, ఆంపియర్లు పెరిగితే బేరింగ్ పట్టేస్తుండవచ్చు, లేదా వోల్టేజి తక్కువ. మూడు ఫేజుల మధ్య తేడా ఎక్కువుంటే మోటారు కాలిపోకముందే ఏఈ ఆఫీసుకు చెప్పాలి.

మోటారు ఆపిన వెంటనే బోరు పైపు దగ్గర చెవి పెట్టి వినండి. సర్రుమని నీళ్లు కిందికి జారే చప్పుడొస్తే చెక్‌వాల్వు పోయింది. ప్రతిసారీ పైపు నిండా నీళ్లు మళ్లీ ఎత్తాల్సి వస్తోంది. చప్పుడు లేకుండా నీళ్లు మాత్రం తక్కువైతే లోపలి పైపుకు చిల్లు పడి ఉండవచ్చు, అది మోటారు పైకి తీస్తేగానీ తెలియదు. నీటిమట్టం తగ్గడమే కారణమైతే పెద్ద మోటారు వేయకండి. బోరు ఇచ్చేదానికన్నా వేగంగా లాగితే గాలి లాగి మోటారు చెడుతుంది. నీళ్లు అందకపోతే మోటారును ఆపేసే డ్రై రన్ రక్షణ ఉన్న ప్యానెల్ పెట్టి, వ్యవధి ఇస్తూ నడపాలి.

ఫ్లష్ ట్యాంకులు కారే ఫ్లాట్లు కూడా ఈ బిల్లులో భాగస్థులే. నీటిమట్టం 600 అడుగుల్లో ఉంటే వెయ్యి లీటర్లు ఎత్తడానికి యూనిట్ పైనే అవుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఫ్లోట్ స్విచ్ లేదా లెవల్ కంట్రోలర్ పెట్టించండి. రాత్రి ట్యాంకు పొర్లి మిద్దె తడిసే ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు.

లైట్లకు ఒకే లెక్క. చోకుతో కలిపి 50 వాట్లు లాగే 20 పాత ట్యూబులను 20 వాట్ల ఎల్‌ఈడీలుగా మార్చితే, 12 గంటల వాడకానికి నెలకు 216 యూనిట్లు తగ్గుతాయి. సెల్లార్‌లో మూడింటికొకటి ఎప్పుడూ వెలిగేలా వదిలి, మిగతావాటికి సెన్సార్లు పెట్టండి. అన్నిటికీ పెడితే చీకటని గొడవ చేసి, నెలలోపే వాచ్‌మన్‌తో తీయించేస్తారు. కామన్ మీటరుకు సోలార్ పెట్టుకుంటే కేంద్ర పథకంలో అసోసియేషన్లకు కిలోవాట్‌కు రూ. 18,000 సబ్సిడీ ఉంది. ముందు మోటారు బాగుచేసుకుని తర్వాత దాని గురించి ఆలోచించండి, లేకపోతే కారే నీళ్లకు కూడా ప్యానెళ్లు కొన్నట్టవుతుంది.

ప్రశ్న: మాకు బోరు నీళ్లే. గీజర్ ఎలిమెంట్ ఏడాదికోసారి పోతోంది. రోజంతా ఆన్‌లో ఉంచితే బిల్లు తక్కువ వస్తుందని మా బావగారు అంటారు. నిజమా?
– వనస్థలిపురం

మీ బావగారి మాట నిజం కాదు. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి వేడెక్కడానికి 0.6 యూనిట్ చాలు. 2 కిలోవాట్ గీజర్‌కు 18 నుంచి 20 నిమిషాలు. రోజంతా ఆన్‌లో ఉంటే ట్యాంకు చల్లారుతూ, మళ్లీ వేడెక్కుతూ ఉంటుంది, ఆ నష్టం అదనం. స్నానానికి అరగంట ముందు వేసి, వెళ్లేటప్పుడు ఆపండి. థర్మోస్టాట్ 50, 55 మధ్య పెట్టండి. వేడి ఎక్కువైతే సున్నపు పొలుసు ఇంకా త్వరగా కడుతుంది.

పొలుసు పట్టిన ఎలిమెంట్ కరెంటు ఎక్కువ తాగుతుందంటారు. అసలు నష్టం వేరు. తన వేడిని నీళ్లకు ఇవ్వలేక ఎలిమెంటే మాడిపోతుంది. ఏడాదికోసారి విప్పించి పొలుసు తీయించండి, లోపల ఉండే మెగ్నీషియం యానోడ్ కడ్డీ అరిగిపోతే మార్పించండి. అది అరగడమే దాని పని, అది లేకపోతే ట్యాంకు తుప్పు పడుతుంది. జలమండలి కనెక్షన్ కూడా ఉంటే గీజర్‌కు వెళ్లే పైపు వరకు ఆ నీళ్ల ట్యాంకు నుంచి ఇప్పించండి. సేఫ్టీ వాల్వు నుంచి నీటిచుక్కలు పడుతున్నాయని దానికి బిరడా మాత్రం పెట్టకండి.

ప్రశ్న: ఇంటికి వచ్చి, ఏది ఎంత కరెంటు తింటోందో చూసి చెప్పేవాళ్లు ఉన్నారా? మా ఫ్రిజ్ మీద అనుమానం.
– తార్నాక నుంచి ఒక రిటైర్డ్ టీచర్

బీఈఈ సర్టిఫికెట్ ఉన్న ఎనర్జీ ఆడిటర్లు ఉన్నారు. వాళ్లు ఎక్కువగా ఫ్యాక్టరీలకు, పెద్ద భవనాలకు పనిచేస్తారు. పెద్ద గేటెడ్ కమ్యూనిటీకి పిలిపించుకోవచ్చు, ఒక్క ఇంటికి ఆ ఫీజు దండగ. రాష్ట్రంలో ఇంధన పొదుపు పనులు చూసే సంస్థ టీజీరెడ్కో. సోలార్, పొదుపు పథకాల మీద సందేహాలు అక్కడ అడగవచ్చు. కొత్త వస్తువు కొనేముందు మోడళ్లు పోల్చుకోవడానికి బీఈఈ స్టార్ లేబుల్ యాప్ ఉంది.

ఒక్క ఇంటికి మాత్రం ప్లగ్‌లో పెట్టే చిన్న ఎనర్జీ మీటరు కొనండి, చాలు. ఫ్రిజ్‌ను దాని ద్వారా 24 గంటలు నడిపి యూనిట్లు చూడండి. ఒకటిన్నర లోపు ఉంటే వదిలేయండి. మూడు దాటితే తలుపు రబ్బరు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు పోయింది. వెనకాల గోడకు నాలుగైదు అంగుళాల ఖాళీ ఉందో లేదో, డీప్ ఫ్రీజర్‌లో వేలు మందాన మంచు పేరుకుందేమో చూడండి. కత్తితో మాత్రం గీకకండి. ఇవన్నీ సరిచేసినా తగ్గకపోతే అప్పుడు ఫ్రిజ్ మార్చడంలో అర్థముంది.

ప్రశ్న: సొంత ఇల్లు, నెలకు 350 యూనిట్లు. సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సోలార్ పెట్టుకోమని వెండర్ అంటున్నాడు. కరెంటు పోయినా ఇబ్బంది ఉండదంటున్నాడు.
– బోడుప్పల్ నుంచి ఒకరు

రెండో మాట అబద్ధం. మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ లైను కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మీ ఇంటి కరెంటు తగలకుండా అలా పెట్టారు. కరెంటు లేనప్పుడు నడవాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ కావాలి, ఖర్చు చాలా పెరుగుతుంది.

మొదటి మాటకు లెక్క చూడండి. మన దగ్గర కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. 2 కిలోవాట్లకు నెలకు 240. మీ 350 యూనిట్లకు ఇప్పుడు ఎనర్జీ ఛార్జీ రూ. 2,240. అందులో 240 పోతే మిగిలే 110 యూనిట్లకు రూ. 388. అంటే రెండు కిలోవాట్లే నెలకు 1,850 మిగులుస్తాయి. మూడో కిలోవాట్ ఎంత చేసినా ఆ 388 లోపే. సబ్సిడీ కూడా 2 కిలోవాట్ల వరకు రూ. 60,000, మూడోదానికి 18,000 మాత్రమే. ఏసీ, ఎలక్ట్రిక్ స్కూటర్ కొనే ఆలోచన ఉంటే 3, లేకపోతే 2 చాలు.

దరఖాస్తు పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో, బిల్లు మీద ఉన్న యూఎస్‌సీ నంబరుతో. బిల్లు ఇంకా చనిపోయిన నాన్నగారి పేరు మీదే ఉంటే ముందు పేరు మార్పించండి, ఎక్కువ దరఖాస్తులు ఆగేది అక్కడే. తర్వాత జాబితాలో ఉన్న వెండర్‌ను ఎంచుకోవాలి. ప్యానెళ్లు దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన డీసీఆర్ రకమైతేనే సబ్సిడీ. కోట్‌లో ఆ మాట రాయించుకోండి. బిగించి, నెట్ మీటరు పెట్టి, తనిఖీ అయ్యాక బ్యాంకు వివరాలు ఇస్తే సబ్సిడీ మీ ఖాతాలోకే వస్తుంది.

కిలోవాట్‌కు నీడ లేని వంద చదరపు అడుగులు కావాలి. నీళ్ల ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా ఆ వరుసంతా నీరసిస్తుంది. పొద్దున తొమ్మిది నుంచి మూడు వరకు మిద్దె మీద నీడ ఎటు నడుస్తుందో ఒక రోజు చూసి, సుద్దతో గీసి పెట్టుకోండి. ముఖం దక్షిణానికి, వాలు 17 డిగ్రీల దగ్గర. బోరు నీళ్లతో కడిగితే తెల్ల మరకలు మిగులుతాయి, తడి బట్టతో తుడిచేయండి.

ప్రశ్న: అద్దె ఇల్లు. తెల్ల రేషన్ కార్డు ఉంది. గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం మాకూ వస్తుందా?
– బోరబండ

అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. మీరుండే ఇంటి సర్వీసు నంబరు మీ రేషన్ కార్డు, ఆధార్‌తో కలవాలి. కలవకపోతే ప్రజాపాలన సేవా కేంద్రంలో సరిచేయించుకోండి. 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. దాటిన నెల మొత్తం బిల్లు మీరే కట్టాలి, దాటినంత వరకే కాదు. కాబట్టి మొదటి జవాబులోని పదిహేనో రోజు లెక్క మీకు ఇంకా ముఖ్యం.

ప్రశ్న: మీటరే తప్పు తిరుగుతోందని అనుమానం. ఎలా తేల్చుకోవాలి?
– ఒక పాఠకుడు, అంబర్‌పేట

మీటరు మీద మెరిసే ఎర్ర లైటు పక్కన 3200 ఇంప్ అనో, మరో అంకో రాసి ఉంటుంది. యూనిట్‌కు అన్నిసార్లు మెరుస్తుందని అర్థం. ఇన్వర్టర్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపి, మెయిన్ ఎంసీబీ కూడా దించండి. అయినా మెరుస్తుంటే మీటరుకూ ఎంసీబీకీ మధ్య ఎవరిదో లైను కలిసిందేమో చూడాలి. ఎంసీబీ పైకెత్తి 2 కిలోవాట్ గీజర్ ఒక్కటే వేసి నిమిషం లెక్కపెట్టండి. 3200 మీటరైతే 107 సార్లకు దగ్గరగా ఉండాలి. వోల్టేజి తక్కువుంటే కొంచెం తగ్గుతుంది, అది మామూలే. 130 వస్తే అనుమానించాల్సిందే. ఇస్త్రీపెట్టెతో ఈ పరీక్ష చేయకండి, మధ్యలో ఆగుతూ వెలుగుతుంది.

మీటరు మీద ఈఎల్ అని ఉన్న లైటు వెలుగుతుంటే మీ కరెంటు కొంత భూమిలోకి పోతోంది, లేదా పక్కింటి న్యూట్రల్‌తో మీది కలిసింది. పాత అపార్ట్‌మెంట్లలో ఇది తరచూ కనబడేదే. మీటరు మార్చినా ఇది పోదు, మీ ఎలక్ట్రీషియన్ చేతిలో పని. ఒక్కో ఎంసీబీ దించుతూ వెళ్లి, ఏది దించితే ఆ లైటు ఆరుతుందో చూస్తే ఏ గదిలో ఉందో తెలుస్తుంది. గీజర్, తడి గోడలోని వైరు, ఈ రెండూ ముందు చూడండి, షాక్ కొట్టే ప్రమాదం కూడా అక్కడే.

తేడా నిజమేననిపిస్తే 1912కు చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోండి, సెక్షన్ ఆఫీసులో మీటరు పరీక్షకు రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి. అక్కడ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్. ఆ రసీదు, రోజువారీ రీడింగులు రాసిన కాగితం రెండూ వెంట తీసుకెళ్లండి.